ఫ్లెక్సీ మీద ఏ పేరు వేయించాలి?

ప్రశ్న: గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. విండోస్ బదులు లినక్స్, ఎంఎస్ ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ లాంటివి మా పిల్లలకీ, చుట్టుపక్కల చిన్న వ్యాపారాల వాళ్ళకీ అలవాటు చేద్దామని మేం కొందరం కలిసి ఆదివారాలు శిక్షణ మొదలుపెట్టాం. బ్రాడీపేటలో తెలిసినవాళ్ళు ట్యూషన్ హాలు ఇచ్చారు. గేటుకి "ఉచిత సాఫ్ట్‌వేర్ శిక్షణ" అని ఫ్లెక్సీ కట్టాం. జనం బాగానే వచ్చారు, కానీ మేం చెప్పేదాని కోసం వచ్చినవాళ్ళు తక్కువ. కొందరు ఫోటోషాప్ ఎక్కించుకుందామని పెన్‌డ్రైవ్‌లు తెచ్చుకున్నారు. ఒక కుర్రాడు ప్లేస్‌మెంట్ గ్యారంటీయేనా అన్నాడు. అరండల్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపే ఒక పెద్దాయన "అను ఫాంట్లు కూడా ఫ్రీగా వేస్తారామ్మా?" అని అడిగారు.

అప్పటి నుంచి మాలో మాకే పడటం లేదు. ఒక సహోద్యోగి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే తీరాలంటారు, ఓపెన్ సోర్స్ అంటే కంపెనీలకి లొంగిపోయినట్టే అంటారు. ఇంకొకరు స్వేచ్ఛ అని రాస్తే ఇదేదో ఉద్యమం అనుకుని ప్రిన్సిపాల్ గారు ల్యాబ్ తాళాలు ఇవ్వరంటారు. పిల్లలేమో మెటా వాళ్ళ ఏఐ మోడల్ పేరెత్తి "లామా కూడా ఓపెన్ సోర్సే కదా మేడమ్" అంటున్నారు. వచ్చే నెల విజయవాడలో ఒక కాలేజీ వాళ్ళు మమ్మల్ని రమ్మన్నారు. ఈలోగా కొత్త ఫ్లెక్సీ వేయించాలి. ఏ పేరు పెట్టమంటారు?

- ఒక లెక్చరర్, గుంటూరు

జవాబు: ముందు "ఉచిత" అన్న మాటని ఫ్లెక్సీ మీంచి తీసేయండి మేడమ్. మిగతా గొడవ తర్వాత చూద్దాం. "ఉచిత సాఫ్ట్‌వేర్ శిక్షణ" అని చదివితే మన ఊళ్ళలో ఎవరికైనా తట్టేది ఒకటే: ఏదో కోర్సు చెబుతారు, ఫీజు ఉండదు, ఆఖర్న ఉద్యోగం చూపిస్తారు. ప్లేస్‌మెంట్ సంగతి అడిగిన కుర్రాడిని తప్పు పట్టడానికి లేదు. బెంజ్ సర్కిల్ నుంచి అమీర్‌పేట దాకా "సాఫ్ట్‌వేర్ శిక్షణ" అన్న బోర్డులన్నీ వాడికి చెబుతూ వచ్చింది అదే.

పెన్‌డ్రైవ్‌ల వాళ్ళ సంగతీ అంతే. కంప్యూటర్ కొనేటప్పుడు "విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ అన్నీ ఫ్రీగా వేసిస్తాం సార్" అన్న మాట వినని వాళ్ళు మన దగ్గర తక్కువ. అక్కడ ఫ్రీ అంటే క్రాక్ చేసిన కాపీ. అది దొంగ సరుకని చాలామందికి తెలియదు, తెలిసినా ఎవరు పట్టుకుంటారులే అన్న ధీమా. కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభానికి వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకి ఉంది. డీటీపీ సెంటర్ నడిపేవాళ్ళకి ఆ వెసులుబాటు దొరకడం కష్టం. ఇదంతా చెప్పి హాల్లో జనాన్ని బెదరగొట్టమని కాదు. షాపులో వేసిచ్చిందీ మీరు చూపించేదీ ఒకే గాటన కట్టేవి కావని మొదటి పది నిమిషాల్లోనే తేలిపోవాలి. లిబ్రేఆఫీస్‌ని పక్కింటాయనకి కాపీ చేసి ఇవ్వొచ్చని దాన్ని తయారుచేసినవాళ్ళే లైసెన్సులో రాసిచ్చారు.

క్రాక్ కంటే మెలిక ఉన్నది ఇంకోటి ఉంది. చట్టబద్ధమే, డబ్బూ అడగదు, అయినా మీరు చెప్పే కోవలోకి రాదు. దాన్ని ఫ్రీవేర్ అంటారు. వాట్సాప్ అలాంటిదే. యూట్యూబ్ వీడియోలు చేసే కుర్రాళ్ళు వాడే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షనూ అంతే. మన జిల్లాల్లో దీన్ని కౌలు భాషలో చెప్పారంటే ఇంకో మాట అక్కర్లేదు. ఈ ఏడు కౌలు వద్దులే అని ఆసామి అన్నంత మాత్రాన పొలం మీదైపోదు. బోరు వేయాలన్నా, గట్టు జరపాలన్నా ఆయన్ని అడగాలి. వచ్చే ఏడు ఖాళీ చేయమంటే చేయాలి.

మీ పిల్లలకైతే కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ప్రోగ్రామ్ చూపించండి, రోజూ తెరిచేదే కాబట్టి. దాని సోర్సు, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ ఉంది. కానీ మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మనం దింపుకునే తయారు ప్యాకేజీకి మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సు వర్తిస్తుంది. క్రోమియం, క్రోమ్ బ్రౌజర్ల మధ్య ఉన్న తేడా కూడా ఈ బాపతే. ఒకే ప్రోగ్రామ్ సోర్సుగా ఒక రకం, ప్యాకేజీగా ఇంకో రకం అని తెలిసినప్పుడు ఫైనలియర్ పిల్లలు కూడా బుర్ర గోక్కుంటారు. అప్పుడే లైసెన్సు తెరిచి చదవాలన్న బుద్ధి పుడుతుంది.

ఇక మీ సహోద్యోగుల తగాదా. ఇది బ్రాడీపేటలో పుట్టింది కాదు, పాతికేళ్ళు దాటింది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టం ఒకటి కట్టాలని 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. వాడేవాడికి నాలుగు హక్కులు ఉండాలన్నది ఆయన పట్టు: ప్రోగ్రామ్‌ని ఏ పనికైనా నడుపుకోవడం, లోపల ఏముందో చదివి మార్చుకోవడం, కాపీలు పంచడం, మార్చిన కాపీలు కూడా పంచడం. వీటికి సున్నా నుంచి మూడు దాకా నంబర్లు వేశారు, ప్రోగ్రామర్ల అలవాటు ఎక్కడికి పోతుంది! ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒకే మాటకి ఉచితం అనీ స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉండటంతో వాళ్ళకి మొదటి నుంచీ మీ ఫ్లెక్సీ బాధే. 1998 జనవరిలో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ సోర్సు బయటపెడతానంది. ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు కూర్చుని, కంపెనీలు బెదిరిపోని పేరు ఒకటి కావాలనుకున్నారు. ఓపెన్ సోర్స్ అన్న పేరు చెప్పింది క్రిస్టీన్ పీటర్సన్. ఆ నెలలోనే ఎరిక్ రేమండ్, బ్రూస్ పెరెన్స్ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ మొదలుపెట్టారు. అంటే ల్యాబ్ తాళాల గురించి మీ రెండో సహోద్యోగి పడుతున్న భయమే అప్పుడు వాళ్ళూ పడ్డారు.

ఆచరణలో ఈ రెండు పేర్ల కిందా వచ్చే సాఫ్ట్‌వేర్ దాదాపు ఒకటే. స్టాల్‌మన్ రాసిన జీపీఎల్, ఇంకా ఎంఐటీ, అపాచీ, మొజిల్లా లైసెన్సులని రెండు సంస్థలూ ఒప్పుకుంటాయి. తేడా అంతా "ఎందుకు" అన్న దగ్గరే. పదిమంది కళ్ళు పడితే తప్పులు తొందరగా దొరుకుతాయి, పని చవగ్గా మెరుగ్గా సాగుతుందని ఓపెన్ సోర్స్ వాళ్ళు చెబుతారు. అలా సాగినా సాగకపోయినా నా కంప్యూటర్ నా చేతిలో ఉండటం నా హక్కని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెబుతారు. లొంగిపోవడం అన్న మాట నేను ఒప్పుకోను. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ ఓపెన్ సోర్స్ అనే అంటాడు, ఆ కెర్నల్ మాత్రం జీపీఎల్ కిందే ఉంది. ఆయన ఏమన్నా మీకు దక్కిన హక్కు ఒక్కటీ తగ్గలేదు. అలాగని మీ సహోద్యోగి బాధ తీసిపారేసేదీ కాదు. ఓపెన్ సోర్స్ అనగానే సోర్సు కంటికి కనిపిస్తే చాలనుకునేవాళ్ళు చాలామంది. చూడనిచ్చి ముట్టుకోనివ్వని లైసెన్సులు ఇప్పుడు పెరుగుతున్నాయి. క్లౌడ్ సర్వర్లు సిద్ధం చేసుకునే టెరాఫామ్ అనే ప్రసిద్ధ సాధనానికి 2023 ఆగస్టులో కంపెనీ లైసెన్సు మార్చేసి, పోటీ వ్యాపారానికి వాడకూడదని మెలిక పెట్టింది. సోర్సు ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని ఓపెన్ సోర్స్ అనడానికి మాత్రం లేదు. పాత లైసెన్సు కింద అప్పటికే బయట ఉన్న కోడ్‌ని తీసుకుని కొందరు ఓపెన్‌టోఫు అని వేరు కుంపటి పెట్టుకున్నారు. నాలుగు హక్కులు అక్కరకొచ్చేది ఇలాంటప్పుడే.

కాబట్టి నా మాట: ఎదుట ఉన్న మనిషిని బట్టి పేరు ఎంచుకోండి, ఏ పేరు పలికినా దాని వెనకే "అంటే మీరు ఏమేం చేసుకోవచ్చంటే" అని ఒక వాక్యం చెప్పండి. ప్రిన్సిపాల్ గారికి పెట్టే అర్జీలో ఓపెన్ సోర్స్ అనే రాయండి. కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన విధానం పేరే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకం గురించి. సోర్సు చదవడానికి, మార్చడానికి, తిరిగి పంచడానికి వీలుండాలని, రాయల్టీ ఉండకూడదని అందులో షరతులు. ఫైలు కదలాలంటే ఫైళ్ళలో ఉన్న మాటే వాడాలి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్న సంగతి కూడా ఒక వాక్యం చేర్చండి. ఏదో కుర్రాళ్ళ సరదా అనుకోకుండా ఉంటారు.

పిల్లలకి మాత్రం రెండు పేర్లూ చెప్పాలి, ఎందుకు రెండున్నాయో కూడా చెప్పాలి. స్వేచ్ఛ అన్న మాటకి సభల వాసన, ఊరేగింపుల వాసన ఉందని జంకేవాళ్ళకి తెలుగు వికీపీడియా మొదటి పేజీ తెరిచి చూపించండి. ఎవరైనా రాయదగిన స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం అని తనని తాను చెప్పుకుంటుంది అది. అందులోని వ్యాసాన్ని చదవడమే కాదు, మూలం చెప్పి, అదే షరతు మీద పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చు కూడా. అమ్ముకోవచ్చు అన్న దగ్గర తప్పకుండా ఒకరు చెయ్యెత్తుతారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో డబ్బు చేసుకోకూడదన్న అపోహ గట్టిది. లినక్స్‌తోనే వ్యాపారం చేసే రెడ్ హ్యాట్ కంపెనీని ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకి కొన్నదని చెప్పండి, చెయ్యి దించేస్తారు. కాపీరైట్ లేదు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చనేది ఇంకో అపోహ. జీపీఎల్ నిలబడిందే కాపీరైట్ మీద. కాపీరైట్ లేకపోతే మార్చిన సోర్సు కూడా ఇవ్వాలన్న షరతు పెట్టే హక్కు రాసినవాడికి ఎక్కడి నుంచి వస్తుంది?

గ్నూ/లినక్స్ అనాలా, ఉత్త లినక్స్ అనాలా అన్న గొడవ కూడా మీ దగ్గరికి వస్తుంది, ఇప్పటికే రాకపోతే. కెర్నల్ లినక్సు, చుట్టూ ఉన్న సాధనాల్లో చాలావరకు గ్నూవి అని ఒకసారి చెప్పేసి ముందుకు వెళ్ళిపోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ డీటీపీ పెద్దాయన. ఆయనకి ఏ పేరూ అక్కర్లేదు. ఆయన బాధ ఏమిటో ఊహించగలను, ఎందుకంటే విజయవాడ గవర్నర్‌పేట సందుల్లో కూడా ఇదే నడుస్తోంది. శుభలేఖ మేటర్ పార్టీ వాట్సాప్‌లో పంపుతుంది. అది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, వెబ్‌లో అంతటా నడిచే పద్ధతి. అను ఫాంట్లది దానితో కలవని పాత పద్ధతి. పేజీలు కట్టే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో అతికిస్తే గడులు, ప్రశ్నార్థకాలు. దాంతో ఫోను పక్కన పెట్టుకుని మొత్తం మళ్ళీ కొడతారు, లేదా కన్వర్టర్‌లో వేసి, అది తిప్పేసిన ఒత్తులన్నీ ఒక్కొక్కటే సరిచేస్తారు. పెళ్ళికొడుకు తాతగారి పేరులో ఒత్తు పోతే మళ్ళీ ప్రింటు, ఆ ఖర్చు ఎవరిదన్న పేచీ. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో, ఆ తర్వాత దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

ఈసారి ఆయన వస్తే ప్రసంగం పెట్టకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన ఫోనులోంచే ఒక మేటర్ తీసుకుని లిబ్రేఆఫీస్‌లో అతికించి, మండలి అనే యూనికోడ్ ఫాంటు పెట్టండి. తర్వాత రామభద్ర, సూరన్న మార్చి చూపించండి. మళ్ళీ కొట్టే పని లేకుండా అక్షరాలు నిలబడతాయి. ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు?" అనే అవుతుంది. అప్పుడు లైసెన్సు చెప్పండి. ఆ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవి. ఎన్ని మిషన్లలోనైనా వేసుకోవచ్చు, డబ్బు తీసుకుని చేసే పనికి వాడుకోవచ్చు, అక్షరం నచ్చకపోతే మార్పించుకోవచ్చు. ఉత్త ఫాంటు ఫైలుని మాత్రం విడిగా అమ్మకూడదు. ఇంత చెప్పాక ఆయనకి ఓపెన్ అన్నా స్వేచ్ఛ అన్నా తేడా పడదు.

ఆయనకి నష్టాలు కూడా చెప్పాలి, దాచొద్దు. పాత అను ఫైళ్ళు వీటిలో నేరుగా తెరుచుకోవు. శుభలేఖలకి కావలసినన్ని అలంకారపు ఫాంట్లు యూనికోడ్‌లో ఇంకా రాలేదు. చేతికి అలవాటైన కీబోర్డు మారుతుంది, నెల రోజులు పని నెమ్మదిస్తుంది. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది కానీ కొత్తదే తీసుకోమనండి, 1.4 రోజుల పాత వెర్షన్లలో తెలుగు గుణింతాలు విడిపోయేవి. నేనైతే పాత పనిని పాత మిషన్ మీదే ఉంచి, వాట్సాప్‌లో వచ్చే కొత్త మేటర్ వరకు దీని మీద చేసుకోమంటాను. అన్నీ ఒక్కరోజులో మార్చేయమని మీ ఉత్సాహవంతులు ఎవరైనా ఆయన మీద పడితే మళ్ళీ ఆ హాలు వైపు రాడు.

ఫ్లెక్సీ మీద ఇలా వేయించండి. పైన పెద్ద అక్షరాల్లో "వాడుకోండి, మార్చుకోండి, పదిమందికి పంచండి". దాని కింద ప్రోగ్రామ్‌ల పేర్లు: లిబ్రేఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్, లినక్స్, తెలుగు యూనికోడ్ ఫాంట్లు. జనం వెతుక్కుంటూ వచ్చేది పేరున్న వస్తువు కోసం, కోవ పేరు కోసం కాదు. ఆ కింద ఒక వరుసలో "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్ పరిచయం" అని రెండూ పక్కపక్కన. ఇద్దరు సహోద్యోగులూ కాసేపు ముఖాలు మాడ్చుకుంటారు, ఫరవాలేదు. చివర్లో "ప్రవేశ రుసుము లేదు" అని వేస్తే ఫ్రీ అన్నది శిక్షణకేనని తెలుస్తుంది. "క్రాక్ కాపీలు వేయము" అని కూడా వేయించమంటాను, చిన్న అక్షరాల్లో అయినా సరే.

లామా సంగతి మిగిలింది. ఇప్పుడు పత్రికల్లో డౌన్‌లోడ్ చేసుకోగలిగిన ప్రతి ఏఐ మోడల్‌కీ ఓపెన్ సోర్స్ అని తగిలిస్తున్నారు. మెటా కంపెనీ లామా లైసెన్సులో, నెలకి 70 కోట్ల మందికి పైగా వాడే సంస్థలు విడిగా అనుమతి తీసుకోవాలని ఉంది, ఏయే పనులకి వాడకూడదో ఒక జాబితా కూడా ఉంది. ఏ పనికైనా నడుపుకోవచ్చన్న మొదటి హక్కు దగ్గరే అది ఆగిపోయింది. అది ఓపెన్ సోర్స్ కాదని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ తేల్చి చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన డీప్‌సీక్ ఆర్1 ఎంఐటీ లైసెన్సు కింద వచ్చింది కాబట్టి ఆ చిక్కు లేదు, కానీ దేని మీద శిక్షణ ఇచ్చారో ఆ డేటా బయట పెట్టలేదు. శిక్షణలో తేలిన అంకెలు (వెయిట్స్) మాత్రమే బయటపెట్టే ఇలాంటివాటిని ఓపెన్ వెయిట్స్ అనమనండి. ఏఐకి ఏది ఓపెన్ సోర్స్ అన్నదానికి ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 2024 అక్టోబరులో ఒక నిర్వచనం ఇచ్చింది, దాని మీద కూడా కొట్లాట నడుస్తూనే ఉంది. మీరు తీర్పు చెప్పకండి. ఆ ప్రశ్న వేసిన పిల్లల్లో ఒకరికి లామా లైసెన్సూ ఎంఐటీ లైసెన్సూ ప్రింటు తీసి ఇవ్వండి. ఎంఐటీది అరపేజీ కూడా ఉండదు, లామాది చాంతాడంత. నాలుగు హక్కుల్లో ఏది ఏ వాక్యం దగ్గర ఆగుతుందో పెన్సిలుతో గీతలు గీసి, విజయవాడ సభలో ఓ పది నిమిషాలు చెప్పమనండి.